చివరి పన్నెండు కాగితాలు

మా మావయ్యకు బైబిలు బైండింగుకు ఇస్తే ఒక తిరకాసు ఉంది. ముందు పుస్తకాన్ని బోర్లా తిప్పి చివరి పేజీలు చూస్తాడు. అవి ఊడిపోయి ఉంటే అట్ట వెయ్యడు. ఇంట్లో వెతికి పట్టుకురమ్మంటాడు. దొరకలేదంటే తన దగ్గరున్న పాత బైబిళ్ళలోంచి ఆ పేజీలు తీసి, అంచులు సరిచేసి, కుట్టి, అప్పుడు అట్ట సంగతి చూస్తాడు. "ఉన్నంతవరకు కుట్టేయండి, అవెవరు చదువుతారు" అన్నారా, అయిపోయారే. ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి పావుగంట లేవనివ్వడు. పక్క కొట్లో తాళాలు చేసే అతను "మీ మావయ్య వచ్చిన గిరాకీని తరిమేస్తున్నాడమ్మా" అని నా దగ్గర చాలాసార్లు మొత్తుకున్నాడు. తరమనీ. ఆ మొండిపట్టు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. దాని వెనక మా అమ్మ ఉంది.

మావయ్య అమ్మకు సొంత అన్న. నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టడమే పని. జెరాక్సు షాపుకూ తాళాల కొట్టుకూ మధ్య ఆయన గది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక చెక్క ప్రెస్సు, జిగురు గిన్నె, మైనం పట్టించిన దారం, గుడ్డ చుట్టలు, అట్టలు. వేళ్ళ మధ్య ఎప్పుడూ జిగురు ఎండిపోయి ఉంటుంది. కంచం ముందు కూర్చుని దాన్ని గోటితో గీక్కుంటుంటే అత్తయ్య తిట్టిపోసేది. వారమంతా ఆఫీసు రిజిస్టర్లూ కాలేజీ పిల్లల ప్రాజెక్టులూ కుట్టే మనిషి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కోగానే సంఘ పెద్ద అయిపోయేవాడు. అందరూ అట్టల పెద్దాయన అంటారు. పాస్టరు గారి తర్వాత మాట ఆయనదే.

నా చిన్నప్పుడు సంఘంలో ఒక రభస జరిగింది. బైబిలు చివరి పుస్తకంలో చెప్పిన వెయ్యేళ్ళ పాలన ప్రభువు వచ్చాకా, రాకముందా అని రెండు కుటుంబాలు పట్టుకున్నాయి. మొదట వాదించుకున్నారు, తర్వాత పలకరించుకోవడం మానేశారు, ఆఖరికి చెరో సంఘం వెతుక్కుని వెళ్ళిపోయారు. అప్పుడు పాస్టరు గారూ మావయ్యా కూర్చుని ఒక తీర్మానం చేశారు. ఇక ఆ పుస్తకం జోలికి పోవద్దు. కీర్తనలున్నాయి, సువార్తలున్నాయి, చాలవా? ప్రభువు వస్తాడని తెలిస్తే చాలు, మిగతాది పెద్ద చదువులు చదివినవాళ్ళు చూసుకుంటారు. ఎవరైనా అడిగితే మావయ్య "ఎందుకొచ్చిన గొడవ" అనేవాడు. ఇరవై ఏళ్ళపాటు మా సంఘంలో ఆ పేజీలు ఎవరూ తెరవలేదు. గొడవా రాలేదు. అందరూ హాయిగా ఉన్నామనుకున్నాం.

అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమె బైబిలు ఉప్పు డబ్బా పక్కన అరలో ఉండేది. ఒకసారి అట్ట ఊడి, పైనుంచి నీళ్ళు కారి, చివరి పేజీలు ముద్దయిపోయాయి. మావయ్యే బాగుచేశాడు. చూస్తే వెనక పన్నెండు కాగితాలు, అంటే ఆ చివరి పుస్తకం మొత్తం, లేవు. కొత్త అట్ట అప్పటికే పాత మందానికి కోసేసుకున్నాడు. లోపల వదులుగా ఉంటే బాగుండదని పన్నెండు తెల్ల కాగితాలు కలిపి కుట్టేశాడు. పాత బైబిళ్ళు మూడు ఆయన తలపైనున్న అరలోనే ఉన్నాయి. చెయ్యి ఎత్తితే అందుతాయి. ఎత్తలేదు. "ఇవెలాగూ చదవం కదా చెల్లీ, ప్రసంగాలు విన్నప్పుడు రాసుకోడానికి పనికొస్తాయి" అన్నాడట. అమ్మ మురిసిపోయింది. అన్న కుట్టిన బైబిలు మరి.

అది జరిగిన ఆరేళ్ళకు అమ్మకు రొమ్ములో గడ్డ కనబడింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, చిన్నగా ఉన్నప్పుడే తీసేద్దామంటూ జూన్ ఇరవై రెండున ఆపరేషన్ పెట్టింది. నేను సెలవు కూడా పెట్టుకున్నాను. రెండు రోజుల ముందు అమ్మ డాక్టరమ్మ ఊళ్ళో లేదంది. తర్వాత హాస్టల్లో వంటకు మనిషి దొరకలేదంది. ఆ తర్వాత గడ్డ తగ్గినట్టే ఉందంది. అన్నీ నమ్మాను. నేను లెక్కల టీచర్ని. కాపీ కొట్టినవాణ్ణి మొహం చూసి పట్టేస్తానని స్కూల్లో నాకు పేరు. కన్నతల్లి మొహం మాత్రం చదవలేకపోయాను.

ఆగస్టు చివర్లో ఆసుపత్రి వాళ్ళే ఫోన్ చేశారు. మీ అమ్మగారు మూడుసార్లు తేదీ వద్దన్నారు, ఇంతకీ వస్తారా రారా అని. వెంటనే హాస్టలుకు వెళ్ళి నిలదీశాను. అమ్మ గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఎంతో నెమ్మదిగా చెప్పింది.

"సెప్టెంబరు పద్దెనిమిదికి ప్రభువు వస్తున్నాడే. ఇంకెన్ని రోజులని? మారిపోయే ఒంటికి ఈ కోతలెందుకు?"

హాస్టలు ఆయా అమ్మను ఏదో అద్దె హాలులో కూటాలకు తీసుకెళ్ళిందట. అక్కడ ఒకాయన గోడ పొడవునా గుడ్డ చార్టు కట్టి, మృగాలూ తలలూ కొమ్ములూ చూపించి, సంవత్సరాలు కూడి తీసేసి, ప్రభువు తనవాళ్ళను చప్పుడు లేకుండా పైకి తీసుకుపోయే తారీకు తేల్చాడట. మా సంఘంలో ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ నోరెత్తని పుస్తకాన్ని ఆయన గలగలా చెప్పేసరికి అమ్మకు కళ్ళు తిరిగాయి. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. గోడకు చెప్పినట్టే అయింది. అమ్మ వినేది ఒక్కరి మాటే, అన్న మాట. మావయ్య కొట్టుకు పరిగెత్తాను.

ఆయన జిగురు చేతులతోనే వచ్చాడు. మొదట తేలిగ్గా నవ్వుతూ, ఏదీ ఆ రాసిపెట్టిన చోటు చూపించు అన్నాడు. అమ్మ బైబిలు తెచ్చి చివర తెరిచింది. పన్నెండు కాగితాలు, రెండు వైపులా, సందు లేకుండా నిండిపోయి ఉన్నాయి. ఎర్ర సిరాతో తారీకులు, నీలం సిరాతో సంవత్సరాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు. అలవాటు కొద్దీ నేను లెక్కలు సరిచూశాను. కూడికల్లో ఒక్క తప్పు లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

మావయ్య లెక్కలు చూడలేదు. కాగితాల మధ్య కుట్టు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఇవి నేను కుట్టిన కాగితాలు" అన్నాడు.

"అవునన్నయ్యా. రాసుకోమన్నది నువ్వేగా" అంది అమ్మ.

మర్నాటి నుంచి కొట్టు మధ్యాహ్నానికే మూసేసి చివరి పుస్తకం చదవడం మొదలుపెట్టాడు. అపొస్తలుల ఉత్తరాలు, కొండ మీద ప్రభువు శిష్యులకు అంతం గురించి చెప్పిన మాటలు, అన్నీ పక్కన పెట్టుకుని, బడిపిల్లాడిలా వేలు పెట్టి చదివాడు. పాస్టరు గారిని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. రోజూ సాయంత్రం హాస్టలు వంటగది మెట్ల మీద కూర్చుని, చదివినదాన్ని అమ్మకు చెప్పేవాడు. ఆ గడియ ఎవరికీ తెలియదని ప్రభువే అన్నాడు కదా అంటే, అది సిద్ధపడనివాళ్ళకు చెప్పిన మాట అనేది అమ్మ. ప్రతి ప్రశ్నకూ చార్టాయన ముందే జవాబు నేర్పి పెట్టాడు. ఒకరోజు ఇక విసుగొచ్చి అడిగేసింది.

"ఇరవై ఏళ్ళు వద్దన్నదాన్ని ఇరవై రోజుల్లో నేర్చేసుకున్నావా? ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావన్నయ్యా?"

మావయ్య తల వంచుకుని వెళ్ళిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు ఆయన నడకలో చూశాను. జాలి పడలేదు. కోపంగానే ఉన్నాను.

పద్దెనిమిదో తారీకు వచ్చింది. అమ్మ పెందలాడే వంట ముగించి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, హాస్టలు వరండాలో కూర్చుంది. పిల్లలు కాలేజీకి వెళ్ళారు, వచ్చారు, తిన్నారు. ఏమీ జరగలేదు. మర్నాడు హాలుకు తాళం. చార్టు లేదు, చార్టాయన లేడు. హమ్మయ్య, ఇప్పుడైనా ఆసుపత్రికి వస్తుందనుకున్నాను. రాలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. సిగ్గుపడుతోందనుకున్నాను. అదీ కాదు. పద్దెనిమిది సాయంత్రం ఆమె పాస్టరమ్మ గారికి ఫోన్ చేసిందట. ఆవిడ హలో అనగానే పెట్టేసిందట.

"ఆవిడా ఉండిపోయారు పాపం" అంది నాతో. "ఆయన వచ్చి వెళ్ళిపోయాడే. నన్ను వదిలేశాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నిజంగా. మావయ్యకు కబురు పెట్టాను. గంట తర్వాత వచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి. వంటగది గడప మీదే కూర్చున్నాడు.

"చెల్లీ, సమాధుల తోటకు వెళ్ళొచ్చాను. అమ్మదీ నాన్నదీ చూశాను. మట్టి కదల్లేదు."

అమ్మ తల ఎత్తింది.

"ఆయన వచ్చినప్పుడు ముందు లేచేది ఆయనలో చనిపోయినవాళ్ళు. ఆ తర్వాతే మనం. నాన్న ఇంకా అక్కడే పడుకుని ఉన్నాడు. నాన్నను లేపకుండా నిన్ను వదిలేసి ఎలా వెళ్తాడమ్మా? వస్తే లోకమంతా చూస్తుంది. ఫోన్ చేసి కనుక్కోనక్కర్లేదు. ఇంకో మాట. ఆయన లేపేది ఈ ఒంటినే. పారేసే ఒళ్ళయితే లేపడం ఎందుకు? దీన్ని చూసుకోవాల్సింది మనమే."

అమ్మ భోరున ఏడ్చింది. ఏడ్చి, లేచి, ఇంత అన్నం పెట్టుకుని తింది. "ఈ మాట ఆ రోజే చెప్పుంటే నేను ఆ హాలుకే వెళ్ళేదాన్ని కాదన్నయ్యా" అంది తింటూ. కోపంగా అనలేదు. అయినా మావయ్య మొహం చూడలేకపోయాను.

అక్టోబరు మొదటివారంలో ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళే ముందు అమ్మ అన్న చెయ్యి పట్టుకుని, నేను లోపలుండగా ఆయన వస్తే ఎలా అని అడిగింది. వస్తే డాక్టరమ్మ కూడా కత్తి పక్కన పెడుతుందిలే అన్నాడు మావయ్య. అమ్మ నవ్వుతూ లోపలికి వెళ్ళింది. బయటికొచ్చాక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. చంకలోకీ ఊపిరితిత్తుల్లోకీ పాకిందట. జూన్‌లో అయితే చిన్న పని అంది. ఆ మాట మావయ్యా విన్నాడు.

నేను వరండాలో అందరి ముందూ అరిచాను. తప్పు చార్టాయనది అంటారు లోకమంతా, నేను అనను. ఆయన లెక్కలకు చోటు పెట్టింది నువ్వు. ఖాళీ ఇల్లు చూపిస్తే ఎవడో ఒకడు వచ్చి చేరతాడు, చేరాడు. మావయ్య "నిజమే తల్లీ" అన్నాడు. ఒక్క మాటైనా సమర్థించుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

తర్వాతి ఆదివారం ఆయన సంఘంలో నిలబడ్డాడు. అమ్మ బైబిల్లోంచి కుట్లు విప్పి తీసిన కాగితాలు చేత్తో పట్టుకుని, ఇవి నేను పెట్టినవి అని మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. ఇక ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత చివరి పుస్తకం చదువుదామన్నాడు. మళ్ళీ కొట్లాటలు తెస్తావా అని కొందరు గొణిగారు. వెయ్యేళ్ళ సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు, తేలకపోయినా కలిసి చదువుకోవచ్చు, మనం చెప్పకపోతే మనవాళ్ళకు చెప్పేవాడు సిద్ధంగా ఉన్నాడు అన్నాడు. మొదటి వారం తొమ్మిదిమంది వచ్చారు. కొన్ని వారాలకు అమ్మ కూడా, మందులకు జుట్టు రాలిన తలకు స్కార్ఫు కట్టుకుని, ముందు బెంచీలో కూర్చుంది. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆమెవే. మావయ్య తడబడితే "తెలియదని చెప్పెయ్, తప్పేం లేదు" అని నవ్వించేది.

తొమ్మిది నెలలు బతికింది. ఆఖరి రోజుల్లో భయపడలేదు. నొప్పి భరించలేక ఏడ్చింది, నా మీద విసుక్కుంది, మాత్రలు వద్దని పేచీ పెట్టింది. కానీ వదిలేశాడన్న మాట మళ్ళీ అనలేదు. మా నాన్న పక్కనే పెట్టండి, ఇద్దరం ఒకేసారి లేస్తాం అంది. అలాగే పెట్టాం.

ఆమె బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. మావయ్య తన పాత బైబిల్లోంచి చివరి పుస్తకం తీసి, దానికి కుట్టాడు. తీసేసిన కాగితాలు పదకొండే. వాటిని కొట్లో సొరుగులో ఉంచుకుని, స్టూలు మీద కూర్చోబెట్టినవాళ్ళకు చూపిస్తాడు. పన్నెండోదాన్ని తియ్యనివ్వలేదట అమ్మ. అలాగే చివరి పుస్తకానికి ముందు కుట్టించుకుంది. నేను దాన్ని ఖననం అయిన మర్నాడు చూశాను. సెప్టెంబరు పద్దెనిమిది మీద ఒక అడ్డగీత. దాని కింద వణుకుతున్న అక్షరాలు: "ఇది వాళ్ళు చెప్పింది. ఆయన చెప్పింది తిప్పితే ఉంది."

మావయ్యను నేను ఇంకా పూర్తిగా క్షమించలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆదివారం క్లాసులో మాత్రం అమ్మ కూర్చున్న చోటే, ఆయన ఎదురుగానే కూర్చుంటాను. చదివే వంతు నాకు వచ్చినప్పుడు ముందు ఆ కాగితం తెరుస్తాను. మావయ్య దాన్ని చూస్తాడు. అప్పుడు పేజీ తిప్పి చదవడం మొదలుపెడతాను.