గుండీలు ఎటువైపు

మెడలోంచి టేపు తీయడు కాబట్టి ఆ దర్జీ పెద్దాయన్ని వీధంతా టేపు తాత అంటారు. తన డప్పు తాను కొట్టుకోవడానికి ఆయనకి మొహమాటం లేదు. పల్లెటూరి బడిలో ఎక్కాలు వచ్చాక ఇక చాలనుకుని కత్తెర పట్టినవాడు. బ్యాండు మేళం మొత్తానికి ఎర్ర కోట్లు కుట్టినవాడు. గూని వకీలుకి కోటు కుట్టి, కోర్టులో నిటారుగా నిలబడ్డాడనిపించినవాడు. "నా చేతి మీదుగా వెళ్ళిన సరుకు ఒక్కటీ వెనక్కి రాలేదు" అన్నది ఆయన మాటల్లో పల్లవి. కాజాలు కుడుతున్నా సరే, పల్లవి ఆగదు.

అలాంటి మనిషికి మనవరాలి గిటారు పని పడింది.

ఆ పిల్లది ఎడమ చేతి వాటం. కాలేజీలో స్నేహితులతో కలిసి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. వాళ్ళ గిటారే అడిగి పుచ్చుకుని తలకిందులు చేసి వాయించేది. వార్షికోత్సవం దగ్గర పడింది. "సొంతది తెచ్చుకో, లేకపోతే ఈసారి చప్పట్లు కొట్టే పని నీది" అని జట్టులో వాళ్ళు తేల్చేశారు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"నేను కొంటాను. నేనే ఎంచుతాను. దానికి చెప్పకండి" అన్నాడు తాత.

"మావయ్యగారూ, ఫోనులో కొనేది కదా, అంతా ఇంగ్లీషులో ఉంటుంది. నన్ను చదివి పెట్టమంటారా?" అంది కోడలు.

"చదవడానికి నేను పుస్తకం కొంటున్నానా? బొమ్మలున్నాయిగా. బొమ్మ చూసి కోటు కుట్టినవాణ్ణి నేను."

ఇంటికి ఆనుకునే ఉన్న కొట్లో కటింగ్ బల్ల మీద ఫోను పెట్టుకుని, సుద్దముక్క చెవి వెనక దోపుకుని, ఆయన గిటార్లన్నీ వేలితో పైకి తోస్తూ చూశాడు. నల్లవి, ఎర్రవి, పులిచారల్లాంటివి. అన్నీ నిలువుగా, హ్యాంగరుకి తగిలించిన కోట్లలా ఉన్నాయి. కింద గుండ్రటి మీటలు. ఆయన కంటికి అవి గుండీలే. ఒకే రకం నీలం గిటారు రెండు బొమ్మల్లో ఉంది. ఒకదానికి గుండీలు ఇటు, ఒకదానికి అటు.

ఇక్కడే ఆయన అనుభవం రంగంలోకి దిగింది. దర్జీకి ఎడమంటే చూసేవాడి ఎడమ కాదు, తొడుక్కునేవాడి ఎడమ. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ మన కుడికి వస్తుంది. కొత్తగా పని నేర్చుకునేవాడు తికమక పడేది ఇక్కడే. కాబట్టి గుండీలు తన కుడివైపు కనబడుతున్నదే పిల్ల ఎడమ చేతికి సరైనది. అలా లెక్క కట్టి దాని మీద వేలు పెట్టాడు.

"ఎడమ చేతిదేనా? ఒకసారి చూడనివ్వండి" అంది కోడలు, డబ్బు కట్టే దగ్గర.

"ఎడమేదో కుడేదో నాకు చెబుతావుటమ్మా! అవతల పాలు పొంగుతున్నాయి, నొక్కు."

పాలు నిజంగానే పొంగుతున్నాయి. నొక్కేసి పరిగెత్తింది.

గిటారొచ్చింది. పిల్ల పెట్టె విప్పి, ఒక్క క్షణం ఆగి, "చాలా బాగుంది తాతయ్యా!" అని మెడ చుట్టూ చేతులేసింది. తాత ఆ సాయంత్రం వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు: బ్యాండు మేళం, వకీలు, ఇప్పుడు గిటారు.

నాలుగు రోజులు పిల్ల ముందు గదిలో సాధన చేసింది. ఐదో రోజు తాత కాజా కుడుతూ తలెత్తి చూశాడు. పాట సంగతి ఆయనకి తెలియదు, భుజాల సంగతి తెలుసు. కుడి భుజం చెవి దాకా లేచింది. ఎడమ చెయ్యి తీగల మీద బెదిరిన పిల్లిలా ఉంది. చంకలో బిగుతైన చొక్కా తొడుక్కుని, మొహమాటానికి "బాగుంది మేస్త్రీ" అనేవాళ్ళు సరిగ్గా ఇలాగే నిలబడతారు. సరిచేయకుండా వాళ్ళని ఆయన ఏనాడూ గడప దాటనివ్వలేదు. సరుకు వెనక్కి రాకపోవడంలో కిటుకంతా అదే.

"విప్పమ్మా" అన్నాడు.

"ఏంటి?"

"అది నీకు పట్టలేదు. విప్పు."

"బాగానే ఉంది తాతయ్యా."

"బాగానే అంటే బాగాలేదని. ఎవరి దగ్గర దాస్తున్నావు, నా దగ్గరా?"

పిల్ల తల వంచుకుంది. "ఇది కుడి చేతివాళ్ళది. తలకిందులు చేస్తే నీకు తెలిసిపోతుందని, నేనే కుడి చేత్తో నేర్చుకుంటున్నా."

"కుడి చేతిదెలా అవుతుంది? గుండీలు తొడుక్కునేవాడికి ఎడమ వైపేగా ఉన్నాయి!"

"నిలబెట్టి చూస్తే అంతే. కానీ ఇది కోటులా నిలువుగా వేసుకునేది కాదు కదా, అడ్డంగా తగిలించుకునేది." గిటారు తన వాటానికి తిప్పి పట్టుకుంది. గుండీలన్నీ పైకొచ్చి మోచేతికి అడ్డుపడ్డాయి. "చూశావా?"

చూశాడు. ఇన్నేళ్ళ అనుభవంతో వెళ్ళి పప్పులో కాలేశాడు.

"మొదటి రోజే చెప్పకూడదుటే?"

"వెనక్కి పంపితే నీ పల్లవి పోతుందిగా" అంది పిల్ల.

తాత కాసేపు సూదిలో దారం ఎక్కించే ప్రయత్నం చేశాడు. ఎక్కలేదు. "పల్లవి పోతే పోయింది, నీ భుజం పోతే నేను మళ్ళీ కుట్టలేను. అమ్మని పిలు."

వెనక్కి తీసుకెళ్ళే మనిషి మర్నాడు వచ్చాడు. "కారణం ఏం పెట్టమంటారండీ? విరిగిందనా, రంగు తేడా అనా?"

కొట్లో ఇద్దరు బేరగాళ్ళున్నారు. రంగు తేడా అంటే సరిపోయేది.

"కుట్టినవాడి తప్పు లేదు. కొలత తీసినవాడిది తప్పు. అలా పెట్టు."

"అలాంటిది ఇందులో లేదండి."

"వచ్చే ఏటికైనా పెట్టమని మీవాళ్ళకి చెప్పు" అని గిటారుని కొత్త కోటులా గుడ్డతో తుడిచి చేతికిచ్చాడు.

రెండోసారి పిల్లే ఎంచుకుంది, నల్లది. గిటారు తగిలించుకునే పట్టీ మాత్రం తాతే కుట్టాడు, పిల్లని నిలబెట్టి, భుజం నుంచి నడుము దాకా టేపు పెట్టి. వార్షికోత్సవంలో పిల్ల చప్పట్లు కొట్టలేదు, కొట్టించుకుంది. తాత మొదటి వరసలో కూర్చుని పాటంతసేపూ భుజాలే చూశాడు. రెండూ సమానంగా ఉన్నాయి.

పల్లవి ఇప్పటికీ ఉంది, కొంచెం పెరిగింది: "నా చేతి మీదుగా వెళ్ళి వెనక్కి వచ్చిన బట్ట లేదు. నా చేతి మీదుగా వెనక్కి వెళ్ళింది మాత్రం ఒకటుంది. అదీ బట్ట కాదు."