రాజుగారి పెరుగన్నం

బుజ్జోడా, కల్లం ఎత్తేశాం. మిరపకాయలు టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు యార్డుకి వెళ్ళిపోయాయి. నువ్వు పరిచిన పట్టా ఒకటి ఇంకా చేలోనే ఉంది. గాలికి లేస్తుంది, పడుతుంది. తీయబుద్ధి కాలేదు నాన్నా.

చదివే అమ్మలకీ అయ్యలకీ చెప్పుకోవాలి. మా అబ్బాయి పోయాడు. ఈ ఎండాకాలం మొదట్లో, నాటకం ఆడటానికి వెళుతూ, చీమకుర్తి దారిలో రాళ్ళ లారీ కింద పడ్డాడు. అప్పుడు నేను కల్లంలో తాలుకాయలు ఏరుతున్నాను. వాళ్ళ నాటకానికి హార్మోనియం వాయించే ఆయన, నాకు మరిది వరస, కాలవగట్టు మీంచి చెప్పులు చేత్తో పట్టుకుని వస్తున్నాడు. ఇంత ఎండలో చెప్పులు చేత పట్టుకున్నాడేంటా అనుకున్నాను. దగ్గరికొచ్చి "వదినా" అన్నాడు. కాయల మీదే కూలబడ్డాడు. ఎర్రటి కాయల మధ్య ఆ తెల్ల పంచె. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ముందు అదే కనబడుతుంది.

నాకు పెద్ద చదువు లేదు. కూడబలుక్కుని చదువుతాను, అలాగే రాస్తాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మావాడు సేద్యం చేసేవాడు, నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. మా ఊరి బళ్ళో తెలుగు చెప్పిన మేష్టారు ఆ నాటకం రాశారు. అందులో రాజు మొదట మంచివాడే. తమ్ముళ్ళంటే ప్రాణం. ఒకరోజు కోట మీద నిలబడితే అవతల ఏరు కనబడుతుంది. "అది మాత్రం నాదెందుకు కాకూడదు?" అంటాడు. ఇక అక్కణ్ణుంచి మొదలు. ఏరు అయ్యాక ఏటి అవతలి ఊళ్ళు కావాలి, ఊళ్ళయ్యాక సముద్రం కావాలి. తమ్ముళ్ళు ఒకరి తర్వాత ఒకరు యుద్ధాల్లో పోతారు. కోటలో దీపం పెట్టే మనిషి మిగలదు. ఆఖరికి తను గెలిచిన నేల మీదే ఒంటరిగా పడి చచ్చిపోతాడు.

ఆ పద్యాలన్నీ కల్లంలోనే సాధన చేసేవాడు. కాళ్ళీడ్చుకుంటూ కాయలు తిరగేస్తూ రాగం తీసేవాడు. పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్ళు నడుములు నిటారుగా చేసి వినేవాళ్ళు. సాయంత్రం ఎండ వాలుగా పడి, నేలంతా ఎరుపు, చేనంతా తెలుపు, మధ్యలో వాడి గొంతు. ఒక్కోసారి నాకు కళ్ళు మూతలు పడి, ఇది మా పొలమా, ఆ రాజు రాజ్యమా తెలిసేది కాదు. ఇంతలో ఘాటెక్కి తుమ్మేవాడు. "రాజుగారికి పడిశం పట్టిందర్రా!" అని పత్తి చేలోంచి కేక వచ్చేది. నాకు మెలకువ వచ్చేది.

ఊళ్ళో లైబ్రరీ నుంచి పాత పుస్తకాలు తెచ్చుకునేవాడు. మన పురాణాలే కాదు, ఎక్కడెక్కడి దేశాల రాజుల కథలూ. చదివినవి నాకు చెప్పేవాడు.

"అన్నింట్లో ఒకటే మనిషమ్మా. బలం ఉంటుంది, తెలివి ఉంటుంది, ప్రేమించేవాళ్ళూ ఉంటారు. చాలు అనే మాట ఒక్కటే నోరు తిరగదు వాడికి."

"ఆశ లేకపోతే మనం విత్తనం ఎందుకు వేస్తాం రా?" అన్నాను ఒకసారి.

వాడు ఆగి ఆలోచించాడు. నా మాటకి అలా ఆగేవాడు, అది వాడి గుణం. "విత్తనం వేసినవాడు వాన కోసం ఆకాశం చూస్తాడమ్మా. ఈ రాజులు చూడరు. పక్కవాడి చేలో పడే వాన కూడా తమ మీదే పడాలంటారు. దాంతో ఉన్న తడి కూడా ఆరిపోతుంది."

వాళ్ళ నాన్నకి ఆ గాలి ఒకసారి సోకింది. పత్తి బాగా పండిన ఏడాది మరుసటి ఏడు, ఊరంతా కౌలుకి ఎగబడ్డారు. ఈయన కూడా మా చేను చాలక పక్క చేను, దాని పక్క చేను అడిగొచ్చాడు. ఆ రోజు నాటకం ఉంది. మావాడు సగం రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని వసారాలో కూర్చున్నాడు. లేచి ఆయనకి వంగి దండం పెట్టాడు.

"మహారాజా, ఇక మిగిలింది మన పర్చూరు మీద ఆకాశమే. దాన్ని కూడా కౌలుకి మాట్లాడమంటారా?"

"ఒరేయ్, నీ నాటకాలు స్టేజీ మీద చూపించు. నా ముందు కాదు."

"స్టేజీ మీద రాజు కూడా ఇదే మాటంటాడు నాన్నా."

ఆయనకి నవ్వొచ్చింది గాని మాట వినలేదు. ఆ ఏడు తెల్లదోమ, దాని వెనకే పచ్చపురుగు. కొట్టిన మందుకి పురుగు చావలేదు, మా ఊళ్ళో మనుషులు ఆ మందు తాగి పోయారు. మా ఆయన గట్టు మీద కూర్చుని ఎండిన చేను వంక చూస్తూ ఉండిపోయాడు. మావాడు కంచంలో అన్నం కలుపుకుని చేలోకే వెళ్ళాడు. "నేను చెప్పానుగా" అని దెప్పలేదు. "ఆ రాజుకి అన్నం తెచ్చిపెట్టేవాళ్ళు మిగల్లేదు నాన్నా. నీకు నేనున్నాను, తిను" అన్నాడు. ఆయన తిన్నాడు. ఆ ముద్దతోనే మా ఇల్లు నిలబడిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మావైపు నాటకాలవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. స్టేజీ మీద చచ్చిపోయే వేషం కట్టినవాడు ఆట అయ్యాక ఆ వేషంతో ఇంటి గడప తొక్కకూడదు. తెల్లవారుజామున నాటకం అయిపోగానే, రంగు తుడవకముందే, తల్లో పెళ్ళామో ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసి, చేత్తో పెరుగన్నం తినిపించాలి. అన్నం తిన్నాడంటే బతికొచ్చినట్టు. ఆ తర్వాతే కిరీటం తీయాలి.

వాడికి ఆ ముద్దలు నేనే పెట్టేదాన్ని. అందుకని రాజు చచ్చిపోయే రంగం నేను ఏనాడూ చూడలేదు. అది రాబోతుందనగానే "అన్నం కలపాలి" అని లేచి వెనక్కి పోయేదాన్ని. కన్నకొడుకు చావడం, ఉత్తుత్తిదే అయినా, ఎలా చూస్తాను? వాడికి తెలుసు. కిరీటం వాల్చుకుని వచ్చి నోరు తెరిచి, "రాజ్యాలన్నీ పోయాయమ్మా, పెరుగన్నం ఉందా?" అనేవాడు. వాడి మీసం రంగు నా వేళ్ళకి అంటుకునేది.

లారీ కింద పడ్డరోజు వాడింకా వేషం కట్టనే లేదు. నేను కలిపి పెట్టాల్సిన ముద్ద ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది నాకు.

పెద్దకర్మ అయ్యాక మేష్టారూ మరిదీ వచ్చారు. అమరావతి దగ్గర ఊళ్ళో ఒప్పుకున్న నాటకం ఉందట. తెనాలి నుంచి ఒక పెద్దాయన రాజు కడతాడట. వాడి సామానుతో ఇల్లు చేరిన కిరీటం కోసం వచ్చారు. ఇచ్చాను. "నేనూ వస్తాను. ఈసారి ఆఖరిదాకా కూర్చుంటాను" అన్నాను. మా ఆయన భయపడ్డాడు గాని ఆపలేదు, తనూ బయల్దేరాడు. అలవాటు ఊరుకోదు కదా, గిన్నెలో పెరుగన్నం కలిపి చెంగు కింద పెట్టుకుని వెళ్ళాను.

చివరి రంగం వచ్చింది. నా కాళ్ళు లేద్దామన్నాయి. మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రాజు పడ్డాడు. చుట్టూ ఎవ్వరూ లేరు. హార్మోనియం కూడా ఆగిపోయింది. తూర్పున వెలుగు వస్తోంది. రాజు తల తిప్పి, జనం వైపు కాదు, స్టేజీ వెనక వైపు చూశాడు. పద్యం కాదు, రాగం కాదు, ఇంట్లో పిలిచినట్టు పిలిచాడు.

"అమ్మా, ఆకలేస్తోందే."

జనమంతా ముక్కులు చీదుతున్నారు. తెర పడింది. నేను మరిది దగ్గరికి వెళ్ళాను. "ఆ మాట నాటకంలో ఉందా?" అని అడిగాను.

"మేష్టారు రాయలేదు వదినా. మనవాడే కలిపాడు. ప్రతిసారీ అనేవాడు. మీరేమో అప్పటికి వెనక అన్నం కలుపుతూ ఉండేవాళ్ళు. భూమంతా అడిగినవాడికి ఆఖరికి కావాల్సింది ఇదే బాబాయ్ అనేవాడు. ఇప్పుడది తీసేస్తే జనం ఒప్పుకోరు."

ఇన్నేళ్ళూ వాడు నన్నే పిలిచాడు. నేను ఆ పక్కనే, అన్నం కలుపుతూనే ఉన్నాను.

తెర వెనక ఆ పెద్దాయన పెట్టె మీద ఒక్కడే కూర్చున్నాడు. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైందట. నేను గిన్నె తీశాను. ఆయన మా బుజ్జోడి కిరీటం కాస్త వాల్చి నోరు తెరిచాడు. తెల్లారిపోయింది. ఎక్కడిదో పత్తి పింజె ఒకటి ఎగిరొచ్చి ఆ కిరీటం మీద వాలింది. నేను తీయలేదు. ఆయన తింటూనే ఉన్నాడు, నా వేళ్ళకి మీసం రంగు అంటుతూనే ఉంది.

చదివినవాళ్ళకి చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరైనా అన్నానికి పిలిస్తే, తర్వాత వస్తాను అనకండి. వెళ్ళి కూర్చుని, కడుపు నిండా తినండి.