కోటి రామనామాలూ మా అమ్మ ముడులూ

మా అమ్మ చెరుకు తోటలో కూలి. బడి గడప తొక్కలేదు. అయినా సముద్రం దాటి ఈ దీవికి వచ్చిన కూలీలుండే మా లెస్కాలియే క్యాంపులో భజన పెద్ద నోరు మూయించిన మనిషి ఆవిడే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, ఇంకా గట్టిగా చెబుతాను.

క్యాంపు ఆడవాళ్ళంతా కలిసి కోటి రామనామాలు జపిస్తామని మొక్కుకున్నారు. ఎన్ని మాలలు తిప్పారో ప్రతి శనివారం భజన పెద్దకి చెప్పేవారు. మాలకు నూట ఎనిమిది పూసలు. అందరూ పూజారి ఇచ్చిన మాలలు తిప్పితే, అమ్మ మాత్రం తులసి కాడ ముక్కలతో తనే గుచ్చుకుంది. చెరుకు నరికి మొద్దుబారిన వేళ్ళకు లెక్క తెలియాలని తొమ్మిదేసి పూసలకు ఒక ముడి వేసుకుంది.

రెండేళ్ళకు మొక్కు తీరే రోజు వచ్చింది. కోవెలలో భజన పెద్ద పలక మీద మొత్తం కట్టాడు. కోటి మీద నలభై నాలుగు ఎక్కువ వచ్చాయి. ఒక మాల తగ్గిస్తే అరవై నాలుగు తక్కువ. ఆయన ముఖం మాడిపోయింది.

"కోటీ దేవుడి లెక్కే, నూట ఎనిమిదీ దేవుడి లెక్కే. సరిగ్గా పడాలి కదా! ఎవరి మాలలోనో తప్పుంది" అంటూ అందరి చేతులూ చూసి, అమ్మ ముడుల దగ్గర ఆగాడు. "నీదే చెల్లీ. నీ జపం తీసేస్తాను."

రెండేళ్ళ జపం! నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం గుప్పెడు చింతగింజలు తెచ్చి నేల మీద పోసింది.

"ఇవి పది గింజలన్నా. తొమ్మిది తీసెయ్. ఎంత మిగిలింది?"

"ఒకటి."

"ఇలాటి పదులు పది పెట్టు, నూరు. పదికొకటి చొప్పున పది మిగిలాయా? దాంట్లోనూ తొమ్మిది తీసెయ్."

"ఒకటే."

"వెయ్యికీ అంతే, లక్షకీ అంతే, కోటికీ అంతే. మాలలో పన్నెండు తొమ్మిదులున్నాయి, నా ముడులు లెక్కెట్టుకో. ఎన్ని మాలలు తిప్పినా అన్నీ తొమ్మిదులే, ఒంటి గింజ మిగల్దు. మరి ఒకటి మిగిలే కోటి మాలల్లో ఎలాగ పడతాదన్నా? నా మాలే కాదు, ఎవరి మాలైనా పడదు."

"మో బోందియే!" అని వెనక ఎవరో ఈ దీవి మాటలో దేవుణ్ణి తలుచుకున్నారు.

భజన పెద్ద గింజలు మూడుసార్లు పేర్చి చూశాడు. తల గోక్కున్నాడు. చివరికి అందరి ముందూ "తప్పు నాదే చెల్లీ, నీ జపం నిలిచింది. ఆ నలభై నాలుగూ రాముడికి కొసరు" అన్నాడు. ఆ క్షణాన నేను ఎలా నిలబడ్డానో నాకు తెలుసు. కోవెల పైకప్పు నా తలకు తగులుతుందేమో అనిపించింది.

ఇంటికి నడుస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, "కోటికి సున్నాలెన్నే?"

నేను సాయంత్రం బడిలో అంకెలు నేర్చుకున్నదాన్ని. "ఏడు. అదైనా తెలియకుండానే అంతమందిలో వాదించావా?"

"ఎన్నుంటే ఏమే?" అంది అమ్మ. "ఎన్ని పెట్టినా మిగిలేది ఒకటేగా!"