తిరిగొచ్చిన మెయిళ్లూ, మా తాతయ్యా

మా తాతయ్యకు ఒక్కటే పిచ్చి: వచ్చినవాళ్లెవరూ కూర్చోకుండా వెళ్లకూడదు. కుర్చీలు చేసే మనిషి కాబట్టి ఇదంతా వ్యాపారం అనుకునేరు. కాదు. మీటరు చూడ్డానికి వచ్చినవాణ్నీ కూర్చోబెడతాడు. ఇల్లు పొరబడి తలుపు తట్టినవాణ్నీ కూర్చోబెడతాడు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి, ఆ డాక్టర్నే కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడి నోరు తెరిచాడట.

ఇలాంటి మనిషి కార్ఖానాకు మా అత్త వెబ్‌సైట్ పెట్టించింది.

"నాన్నా, వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి పేజీ చూసి అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. దీన్నే బౌన్స్ రేటంటారు," అంది ఒకరోజు.

తాతయ్య ముఖం వాడిపోయింది. "కూర్చోకుండానే?"

"వెబ్‌సైట్లో ఎక్కడ కూర్చుంటారు నాన్నా?"

"అయితే మనం సరిగ్గా పిలవలేదన్నమాట."

పిలవకపోవడమేమిటి! పేజీ తెరవగానే తాతయ్య నిలువెత్తు ఫొటో, దాని కింద చెక్క గుణగణాల మీద ఆయన ఉపన్యాసం. కుర్చీ కనబడేసరికి చూసేవాళ్ల వేలు అరిగిపోతుంది. పదో తరగతిలోనే చదువుకు ఓ దండం పెట్టేసిన నాకే విషయం అర్థమైంది.

"తాతయ్యా, ఇంటికొచ్చినవాళ్లకు గుమ్మంలోనే ఉపన్యాసం ఇస్తావా, కుర్చీ వేస్తావా?"

ఆయన గడ్డం గోక్కుని, "సరే, కుర్చీ వెయ్యవే," అన్నాడు.

కుర్చీల ఫొటోలు పైకి తెచ్చాం. ధరలు పక్కనే పెట్టాం. ఉపన్యాసాన్ని లోపలి పేజీకి సాగనంపాం. జనం కాస్త నిలవడం మొదలుపెట్టారు. తన ఫొటో ఏమైందా అని తాతయ్య ఇప్పటికీ వెతుకుతున్నాడు.

అసలు గొడవ మెయిళ్లతో వచ్చింది. పాత కొనుగోలుదారులకు అత్త నెలనెలా మెయిళ్లు పంపుతుంది. మాకొచ్చే పనిలో ముప్పాతిక వాటి పుణ్యమే. వాటిలో బోలెడన్ని చేరకుండా తిరిగొస్తున్నాయి. ఇలాగే ఉంటే ఇక మీ మెయిళ్లు పంపబోమని, వాటిని పంపే కంపెనీ హెచ్చరించింది.

"తిరిగొచ్చినవన్నీ జాబితాలోంచి తీసేస్తాను నాన్నా. కొన్ని చిరునామాలు అసలు లేనేలేవు. కొందరి మెయిల్ పెట్టె నిండిపోయింది."

"తీసేస్తావా? మనిషి ఏమయ్యాడో కనుక్కోకుండానే?"

"మెయిళ్లు ఆగితే కార్ఖానా ఆగుతుంది!"

"ఒక్క వారం ఓపిక పట్టమ్మా."

ఆ వారమంతా ఫోను తాతయ్య చెవికి అతుక్కుపోయింది. "కుర్చీ ఎలా ఉంది? కిర్రుమంటోందా? మీ నడుమెలా ఉంది?" ఇలా సాగేది వరస. ఫోను పెట్టేశాక "అయ్యో, మెయిలు సంగతి!" అని నాలిక కరుచుకుని మళ్లీ చేసేవాడు. కొందరు కొత్త చిరునామా ఇచ్చారు. కొందరు ఇక వద్దన్నారు. వాళ్లవి తీసేయనిచ్చాడు. ఫోను ఎత్తనిది ఒక్క డ్రాయింగు మాస్టారే. పెట్టె నిండినవాళ్లలో ఆయనొకరు.

"ఈ ఒక్కటీ తీసేయనా?" అని అత్త బతిమాలింది.

"పదవే," అని తాతయ్య నన్ను లేవదీశాడు. పనిముట్ల సంచి నా భుజానికే తగిలించాడు.

మాస్టారు తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్లు మొరాయించాయట. ఎత్తు తక్కువ సోఫాలోంచి లేచేలోపు ఫోను ఆగిపోతుంది. ఇక పక్కగదిలో కంప్యూటరు మొహం చూసి ఎన్నాళ్లయిందో! దాని ముందున్న మా కుర్చీ ఎత్తు కూడా ఆయనకు చాలడం లేదు.

తాతయ్య ఆ కుర్చీ కాళ్ల కింద చెక్కలు బిగించి ఎత్తు పెంచాడు. పట్టుకుని లేవడానికి చేతులు అమర్చాడు. కుర్చీతోపాటు కంప్యూటరునూ ఫోనునూ నాచేత ముందుగదిలోకి మోయించాడు. మాస్టారు కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచారు. "చాలండి, కుర్చీ అలిసిపోతుంది," అన్నాను నేను.

మరుసటి విడత మెయిళ్లలో తిరిగొచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. కంపెనీ హెచ్చరిక వెనక్కి తీసుకుంది. అత్త మొహం వెలిగిపోతుండగా మాస్టారి జవాబు కూడా వచ్చింది. ఆమె పైకి చదివింది: "కుర్చీ దివ్యంగా ఉంది. ఇకమీదట మెయిళ్లు పంపకండి. మీరే వస్తూ ఉండండి."

"ఇంత తిప్పలు పడితే ఈయనా వద్దంటున్నాడు! ఇప్పుడేం చేయమంటావు నాన్నా?"

"తీసేయ్," అన్నాడు తాతయ్య, అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూర్చి.