గోడల కోసం బెంగపడిన మా వదినె

బడిలో పాఠం ముగించి గది వెలుపలికి వస్తుండగా నల్లగొండ నుండి వచ్చిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. జ్వరంతో దవాఖానలో చేరిన మా వదినె రాజమ్మ ఇక లేదన్నాడు. నల్లగొండకు పోయే బస్సులో కూర్చున్నా ఆ మాట మనసుకు ఎక్కలేదు.

మా అన్నగారి అర్ధాంగి అయిన ఆమె స్వభావతః భయశీల. మృగశిర కార్తెకు ముందే ఇంటి చుట్టూ తిరిగి గోడలను వేళ్లతో కొట్టి చూసేది. సన్నని బీట కనబడితే తడిపి సున్నం మెత్తేది. సిమెంటు పర్మిటు మీద దొరికే ఆ రోజుల్లో వచ్చిన బస్తాలను నేలకు తగలనివ్వక చెక్కల మీద పెట్టించేది. "కట్టుడు ఒక్కసారే. కాపాడుడు ఏడాదేడాది" అనేది. బంధుజనం నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఒక వేసవిలో అన్నగారు మట్టి అడుసుతో కట్టిన మా పాత రాతి ప్రహరీకి రెండు వైపులా సిమెంటు పూత వేయించారు. గోడకు అవతల పొరుగింటి ఫాతిమాబీ వంటపాక ఆనుకొని ఉండేది. ఇవతల మా స్నానాల బండ. వానలు మొదలయ్యాక గోడ అడుగున చెమ్మ తేలింది. వదినెకు అన్నం సహించలేదు.

"గోడ ఉబ్బినట్టు కనబడ్తాంది, చూడుండ్రి" అంది.

"ఇనుము లెక్కున్నది గోడ. నీకే ఊరికె భయం" అన్నారు అన్నగారు. మేస్త్రి కూడా చేత్తో చరిచి, ఫికర్ లేదన్నాడు.

ముసురు పట్టిన ఒక పగలు, అన్నగారు కచేరీలో కొలువుకు పోయాక, వదినె గోడను తట్టింది. లోపల డొల్లగా మోగింది. కొంగు నెత్తిన కప్పుకొని వానలోనే ఫాతిమాబీ ఇంటికి నడిచింది. సెలవులకు వచ్చిన నేను వెంట పోయాను.

"పిల్లలను తీస్కొని మా ఇంట్లకు రా ఫాతిమా. గోడ నాకు మంచిగ అనిపిస్తలేదు."

"పొయ్యి మీద అన్నం ఉడుకుతాంది అక్కా. కొత్త సిమెంటు గద, యేం గాదు."

వదినె వంటపాకలో ఆ గోడకే వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. "అయితె నేను గూడ ఈడ్నే కూసుంట. నువ్వు లేస్తెనే లేస్త."

"వదినె, లెవ్వు!" అని అరిచాను. ఆమె లేవలేదు. ఆమె చేతులు గజగజ వణుకుతున్నాయి. ఆ చేతులను ఫాతిమాబీ చూసింది. పొయ్యిలో నీళ్లు చల్లి, పిల్లలను చంకనెత్తుకుంది.

మా అరుగు మీద అందరం ఎదురుచూశాం. వాన సన్నగిల్లింది. ఫాతిమాబీ నవ్వుతూ లేవబోయింది. "నన్ను తిట్టు గని, వాన మొత్తం ఆగెదాంక పోకు" అని వదినె బతిమాలింది. ఆ మాట పూర్తయిందో లేదో, నేల అదిరింది. గోడ వంటపాక మీద కూలింది. అన్నం కుండ మీద రాళ్లు కుప్పబడ్డాయి.

వదినె "గోడ మాది. పిల్లలకేమన్న అయ్యుంటె?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

సిమెంటు పూత లోపల చెమ్మ పోయే దారిలేక అడుసంతా బురదైన ఆ శిథిలాలను అన్నగారు తలవంచుకొని చూశారు. ఈసారి రాళ్ల మధ్య అడుసుకు బదులు సున్నం వేసి, అడుగున నీరు పోయే తూములు విడిచి, స్నానాల నీటిని దూరంగా మళ్లించి కట్టించారు. ఫాతిమాబీ వంటపాకనూ వేయించారు. "మీ వదినెను అడిగి కట్టుమని మేస్త్రికి చెప్పిన" అన్నారు నాతో. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకేం ఎర్క? నాకు భయమే ఎర్క."

జ్ఞానవంతులు లోకంలో ఇంకా జన్మిస్తారు. పరుల బిడ్డల కోసం అంతగా కంపించిన హృదయం మళ్లీ ఎక్కడ లభిస్తుంది? ఆ పుణ్యశీలకు సాష్టాంగ ప్రణామం. దహనం ముగిసి ఇల్లు చేరేసరికి ఆకాశం నిండా మొగులు. ఫాతిమాబీ మా అరుగు మీద ఒక్కతే కూర్చొని ఉంది.

"అక్క ఉన్నన్ని దినాలు నేను బేఫికర్‌గ నిద్రపోయిన" అంది. "ఇగ నాకు నిద్ర పట్టదు."