సిరా పూసిన పేరు

మా లెక్కల సార్ పోయారని ఆయన భార్య పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నంద్యాలలో నా జిరాక్స్ షాపు షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాను. సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. నేను పదో తరగతి గట్టెక్కింది ఆయన చలవే. ఆయనకు నేనిచ్చిన చెడ్డ సలహానే ముందు గుర్తొచ్చింది.

రిటైరయ్యాక సార్‌కు పట్టిన పిచ్చి వంశవృక్షం. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, నెట్ లేదు. నేను మొదట ఎక్కించిన సాఫ్ట్‌వేర్ నెల తిరిగేసరికి దుడ్లు కట్టమని తాళం వేసుకుంది. తాతల పేర్లన్నీ లోపలే ఇరుక్కుపోయాయి. "ఏందప్పా ఇది? మా నాయన పేరు నాకు చూపియ్యనంటానికి వాడెవడు?" అని షాపులో అందరి ముందూ నన్ను కడిగేశారు. వారం రోజులు వెతికితే ఓపెన్ సోర్స్‌ది ఒకటి దొరికింది. ఉచితం, నెట్ అక్కర్లేదు, తెలుగు అక్షరాలు విరగవు, ఫైలు మన దగ్గరే ఉంటుంది. సార్ అడిగింది ఒకటే: "కొట్టేసిన పేరు మళ్లా ఎక్కుతాదా?"

ఎవరి పేరని అడిగితే కుటుంబ బైబిలు తెచ్చారు. ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లన్నీ దాని మొదటి పేజీలో రాసి ఉన్నాయి. చివరి వరుస మీద సిరా ముద్ద. ఆయన చెల్లెలు ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే హిందువుల అబ్బాయిని చేసుకుందట. "నాయన కొట్టేయమన్నాడు. కొట్టేసినా. గీత గీసి ఊరుకోలా, కనపడకుండా పూసినా." మా తప్పు లెక్కల మీద ఏనాడూ అడ్డగీత గీయని మనిషి. పక్కన చిన్న సున్నా చుట్టి, "మళ్లా చేయి" అనేవారు, అంతే.

చెల్లెలి పేరు మళ్లీ ఎక్కించిన వంశవృక్షం ప్రింటు తీసుకుని ఆళ్లగడ్డకు బయల్దేరిన రోజు ఆ బైబిలు కూడా సంచిలో పెట్టుకున్నారు. నేనే తీయించాను. "ఆ మరక ఎందుకు సార్, చూస్తే బాధపడతాది. ప్రింటు తీసినా కదా, నీట్‌గా ఉంది." నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆమె ఇంటి ముందు ఉలుల చప్పుడు. అన్నను గుర్తుపట్టింది, మంచినీళ్లిచ్చింది. కాగితం చూసింది. అన్న పేరు పక్కన తన పేరు, కింద తన పిల్లల గడులు ఖాళీ. వాళ్ల పేర్లు చెప్పమ్మా అని సార్ చేతులు జోడించారు. ఆమె నాతోనే మాట్లాడింది.

"బాగా అచ్చేసినావప్పా. ఎప్పుడూ కొట్టేయనట్టే ఉంది. కొట్టేసిన కాగితం యాడుంది?"

సార్ నా వైపు చూడలేదు. నంద్యాలకు బస్సులో తిరిగొచ్చాం. దిగాక అన్నారు: "ఆ గడుల్లో నువ్వు ఏమీ రాయొద్దు." మళ్లీ ఆళ్లగడ్డ పోదామంటే ముందు ఆయన కాళ్లు సహకరించలేదు, తర్వాత ఊపిరి చాలలేదు. నన్నొక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. అయ్యో, అదీ చేయలేదు.

ఆళ్లగడ్డకు ఎవరూ కబురు పంపలేదు. సమాధుల తోట నుంచి వచ్చాక, సార్ భార్యనడిగి బైబిలు తీసుకుని నేనొక్కడినే వెళ్లాను. సార్ పోయారని చెప్పాను. ఆమె ఏడవలేదు. బైబిలు అందుకుని మొదటి పేజీ తెరిచి, వాకిట్లోకి నడిచి, ఆ కాగితాన్ని ఎత్తి వెలుగుకు పట్టింది. సిరా లోపల అక్షరాలు లీలగా తేలాయి. బడి పిల్లవాడి గుండ్రటి రాత.

"నేను పుట్టిన దినం ఇది రాసింది గూడా మాయన్నే," అంది.

పిల్లల పేర్లు నేను అడగలేదు. ఆమె ఆ కాగితాన్ని అట్లే ఎండకు పట్టుకుని నిలబడింది.