తునికాకు తెరలు

మా ఆయనకు ఖమ్మం డిపో నుంచి భద్రాచలానికి బదిలీ అయినప్పుడు మాకు పెళ్లయి మూడేళ్లు. ఆయన బస్సు కండక్టరు. నేను అక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా కుదిరాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. కిరాయికి దొరికిన రెండు గదులకు కొత్తగా సున్నం వేసి ఇచ్చారు. కిటికీలకు ఖమ్మంలో కొన్న గులాబీ పూల కర్టెన్లు కట్టాను. అవే గులాబీలు ఎదురింట్లోనూ ఉన్నాయి, మా హెడ్‌మిస్ట్రెస్ గదిలోనూ ఉన్నాయి. ఎవరింటికి వెళ్లినా మా ఇంట్లో కూర్చున్నట్టే ఉండేది. నా ఇల్లు నా ఇల్లులా కనిపించాలని ఒక పంతం పట్టుకుంది నన్ను.

ఒకరోజు పాల్వంచ నుంచి వస్తుంటే బస్సులో పక్క సీట్లో ఒకామె కూర్చుంది. నాకంటే చిన్నదే. ఆమె ఒళ్లో తెల్ల గుడ్డసంచి, దాని మీద ఆకుపచ్చగా అచ్చువేసిన తునికాకులు. ఏ రెండు ఆకులూ ఒకేలా లేవు. ఒకదాని అంచు పురుగు కొరికింది, ఒకటి సగం మడత పడింది, ఒకదాని ఈనె నడుమ తెగింది. బీడీల కోసం తునికాకు కోసి కట్టలు కట్టినవాళ్లకు తప్ప ఆ తేడాలు తెలియవు.

"ఈ సంచి ఏడ కొన్నవమ్మా?" అని అడిగాను.

"కొన్లేదక్కా. మా ఇంట్లనే ఏసినం."

వాళ్లది బస్టాండు వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ దుకాణమని చెప్పింది. దిగేటప్పుడు సంచి మీద నా కళ్లు ఇంకా ఉన్నాయని చూసి నవ్వింది.

ఆ ఆదివారమే వెళ్లాను. ఇరుకైన గది. పెళ్లికార్డులు, బట్టల దుకాణాల సంచులు, రసీదు పుస్తకాల అట్టలు. ఆమె భర్త, నలభై ఏళ్ల మనిషి, చెక్క చట్రానికి బిగించిన సన్నటి గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పట్టీతో లాగుతున్నాడు. చట్రం ఎత్తితే కింద పెళ్లికార్డు మీద వినాయకుడు. నేను సంచి సంగతి చెప్పగానే అతని చెయ్యి ఆగింది.

"మీకెవరు చెప్పిండ్రు?"

"మీ ఆవిడే. బస్సులో కలిసింది."

అతను షట్టరును సగం కిందికి లాగి వెనక గదిలోకి పిలిచాడు. ఆ జాగ్రత్త నాకు వింతగా అనిపించింది కానీ అడగలేదు. లోపల ఆమె తాడు మీద ఆరేస్తున్న గుడ్డలు చూశాక ఇంకేమీ గుర్తురాలేదు. ఇప్పపూలు రాలిన నేల, వెదురు పొద, తీగ మీద ఒంటిగా కూర్చున్న పాలపిట్ట. బొమ్మలన్నీ ఆమె గీసినవే. పాడైపోయిన పెళ్లికార్డుల వెనక పెన్సిలుతో గీస్తే ఇతను వాటిని స్క్రీన్ మీదికి ఎక్కిస్తాడు. ఆమెది చింతూరు దారిలో అడవి లోపలి ఊరు. బడికి అయిదో తరగతి దాకా వెళ్లింది. బొమ్మలు ఎవరూ నేర్పలేదు.

"ఇవెందుకు ముందు గదిలో పెట్టరు?" అన్నాను.

"ఎవరు కొంటరక్కా? గులాబీలే అడుగుతరు," అంది ఆమె.

రెండు కిటికీలకూ తునికాకులు, తలుపు తెరకు వెదురు, గోడకు పాలపిట్ట కావాలన్నాను. మంచం మీద దుప్పటికి మోదుగపూలు వేయమన్నాను. నిప్పు రంగులో ఉండే పూలు. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎరుపు ఏయమమ్మా. ఈ దుకాణంల ఎర్రరంగు లేదు."

"పెళ్లికార్డులకు కూడా వేయరా?"

"పసుపు ఏస్తం. మెరూన్ ఏస్తం. ఎరుపు ఏయం."

బయటికి వచ్చాక సందు మలుపు దాకా ఆమె నాతో నడిచింది. అంతకు ముందు ఏడాది అడవిలోని ఊళ్ల గోడల మీద ఎర్ర అక్షరాల పోస్టర్లు వెలిశాయట. అప్పటి నుంచి ఎర్రరంగు డబ్బా కొన్న ప్రతివాణ్నీ ఎందుకు కొన్నావని ఎవరో ఒకరు అడుగుతున్నారట. "అడవిలున్నోళ్లు వచ్చి ఏసియ్యమంటే కాదనలేం. ఏస్తే ఇవతలోళ్లు ఊకోరు. గందుకే అసలు ఆ రంగే తెప్పిస్తలేడు," అంది. ఆ మాటను మామూలుగా, పాలు విరిగాయన్నంత మామూలుగా చెప్పింది.

తెరలు వచ్చాయి. మధ్యాహ్నం ఎండ కిటికీలో పడితే గచ్చు మీద తునికాకుల నీడలు పరుచుకునేవి. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి టోపీ కూడా తీయకుండా నిలబడి చూశాడు. "అడవిల కూసున్నట్టుంది," అన్నాడు. ఆయనకు రోజూ చూసే అడవి అది, లోపలి ఊళ్లకు పోయి రాత్రి అక్కడే ఆగే నైట్ హాల్ట్ బస్సులో డ్యూటీ చేసేవాడు.

గర్వం పట్టలేకపోయాను. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాను. టీచర్లను వెంటబెట్టుకుని దుకాణానికి తీసుకెళ్లాను. ఖమ్మంలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి దిండుగలీబులు పంపాను. ఆమె చెప్పగా ఇంకెవరెవరో అడిగారు. నాలుగైదు నెలల్లో వెనక గదిలోని తాడు ముందు గదిలోకి వచ్చింది. ఆమె బొమ్మలకు మూలన చిన్న ఆకు గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. అతను మాత్రం ఒకసారి నాతో, "టీచరమ్మా, చాలమ్మా, ఇగ ఎవరికీ చెప్పకుండ్రి," అన్నాడు. పని ఎక్కువై విసుగొచ్చిందేమో అనుకున్నాను. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ వర్షాకాలం ఒక శనివారం, ఒంటిపూట బడి అయ్యాక ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఇద్దరు మగవాళ్లు తలుపు తట్టారు. ఇస్త్రీ చొక్కాలు, కాళ్లకు బూట్లు. కొత్త ఇంటికి కర్టెన్లు వేయించుకోవాలి, మీ ఇంట్లో బాగున్నాయని విన్నాం, ఒకసారి చూడవచ్చా అన్నారు. కూర్చోమన్నాను. టీ పెట్టాను. ఒకతను కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి తెర అంచు పట్టుకుని, తిరగేసి, వెనక వైపు రంగు ఎంత దిగిందో చూశాడు. కర్టెన్లు కొనేవాళ్లెవరూ అట్లా చూడరు. అది నాకు తర్వాత తట్టింది.

"చెయ్యి మంచిగుంది. అక్షరాలు గూడ ఇంత సాఫుగా ఏస్తడా?" అని అడిగాడు కూర్చున్నతను.

"ఎందుకు వేయడు? పెళ్లికార్డుల మీద ఎంత సన్న అక్షరమైనా అలుక్కుపోదు. ఆ పనిలో అతనికి సాటి లేరు," అన్నాను.

"బొమ్మలు గూడ ఆయనేనా?"

"కాదు, ఆయన భార్య. ఆమెది అడవి ఊరే. అందుకే అంత బాగా వస్తాయి."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏ ఊరని అడిగారు. చెప్పాను. దుకాణం ఎక్కడని మాత్రం అడగలేదు. టీ గ్లాసులు ఖాళీ చేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు నేను అడగలేదని గేటు వేసి వస్తుంటే గుర్తొచ్చింది.

నాలుగో రోజు ఆమె బడి దగ్గరికి వచ్చింది. వానలో తడిసి ఉంది. గేటు లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, ఇద్దరు మనుషుల్ని నువ్వు పంపినవా?"

"ఇస్త్రీ చొక్కాలవాళ్లా?" అన్నాను.

"నిన్న పొద్దుగాల వచ్చిండ్రు. పెద్ద పని ఉంది, కొలతలు చూసి పోదువు రా అని జీపు ఎక్కించుకున్నరు. టీచరమ్మ చెప్పింది అన్నరు. ఇంకా రాలే."

"ఎవరు వాళ్లు? పోలీసులా?"

"తెల్వదక్కా. ఇటోళ్లో, అటోళ్లో. ఎవరన్నది తెలిస్తే వాళ్ల కాడికి పోయి కాళ్లన్న పట్టుకుందును."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

మా ఆయన తన రూటులో తెలిసినవాళ్లను అడిగాడు. టికెట్లు కొడుతూ, చిల్లర ఇస్తూ, మాట మధ్యలో మాటగా. మూడో రోజు ఒక ముసలాయన చిల్లర తీసుకుంటూ, "కండక్టర్ సాబ్, ఈ ముచ్చట అడుగుడు బంద్ జెయ్," అన్నాడట. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మా ఆయన ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

మరునాడు ఇంటి ఓనరమ్మ వచ్చింది. అరుగు మీద కూర్చుని చాలాసేపు వర్షం గురించి, గోదావరి గురించి మాట్లాడింది. లేచేటప్పుడు, "అమ్మాయీ, ఆ కిటికీ గుడ్డలు తీసెయ్. రోడ్డు మీదికి కనబడుతున్నయ్," అంది.

తీసేశాను. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆమె భర్త ఎక్కడున్నాడో తెలియని రోజుల్లో, ఆమె గీసిన బొమ్మలన్నీ మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టి, మీద చలికోట్లు వేసి తాళం వేశాను. మళ్లీ గులాబీలు కట్టాను. ఆమె మా వీధిలోంచి వెళ్లేది, బియ్యానికో మందులకో. కిటికీ వైపు చూసిందో లేదో తెలియదు. నేను లోపలే ఉండేదాన్ని.

పదిహేను రోజుల తర్వాత అతను తిరిగి వచ్చాడు. బస్టాండులో దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడని మా ఆయన చెప్పాడు. ఒంటి మీద దెబ్బలు కనిపించలేదు. ఎక్కడికి పోయాడో, ఎవరు తీసుకుపోయారో, ఏం వేయించారో, ఏం అడిగారో ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్దామని రెండుసార్లు బయలుదేరి సందు మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. దసరాకు ముందే దుకాణం ఖాళీ చేశారు. ముదిగొండ దగ్గర అతని అక్క ఉంటుందని, అక్కడికి పోయారని పక్క దుకాణం వాళ్లు చెప్పారు.

మాకు మళ్లీ ఖమ్మం బదిలీ అయ్యాక, నాలుగేళ్లకు కావచ్చు, ముదిగొండ వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె మిరపకాయ ఏరడానికి పోయింది. అతను వాకిట్లో స్ప్రేయర్ పంపు విప్పి బాగుచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి కుర్చీ వేశాడు. నీళ్లిచ్చాడు. ఆమె బొమ్మలు గీస్తోందా అని అడిగాను.

"లేదమ్మా. మా పాపకు బడిల ఇచ్చినయి గియ్యమంటే గూడ గీయదు."

నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఆ శనివారం వాళ్లు వచ్చింది, నేను టీ పెట్టింది, అక్షరాల గురించి, ఆమె ఊరి గురించి నేను చెప్పింది. ఒక్కటీ దాచలేదు. అతను పంపు వాషరును అంగీ కొసతో తుడుస్తూ విన్నాడు.

"మీరు చెప్పకున్నా వాళ్లకు ఎరుకే," అన్నాడు చివరికి. వాషరును పంపులో పెడుతూ, "మీ గురించి గూడ అడిగిండ్రు," అన్నాడు.

"నా గురించా? ఏమని?"

"సార్ ఏ రూటుకు పోతడు, ఏ ఊర్ల పండుకుంటడు, మీ ఇంటికి ఎవరెవరు వస్తరు. గిట్ల."

"మీరేం చెప్పారు?"

అతను నా వైపు చూడలేదు. "పదిహేను దినాలమ్మా," అన్నాడు. "ఏం చెప్పిన్నో అన్నీ యాదికి లేవు."

ఆమె వచ్చేదాకా ఉండమని అతను అనలేదు. బస్సు వేళకు రోడ్డు దాకా నాతో వచ్చాడు. బస్సు ఆగాక, నేను మెట్టు ఎక్కుతుంటే, కోపమేమీ లేకుండా, ఒక సాయం అడుగుతున్నట్టు అన్నాడు.

"మళ్ల రాకుండ్రి టీచరమ్మా."

నేను సరేనన్నాను. ఆ తర్వాత వెళ్లలేదు.